ఓటీపీ మామ ఫోనుకు వస్తుంది

నాకు సొంత ఫోను నంబరు వచ్చి మూడేళ్ళయింది. నా పేరు మీద పెట్టిన ఏ దరఖాస్తులోనూ అది లేదు. ఇంటర్, స్కాలర్‌షిప్పు, డిగ్రీ, అన్నిట్లోనూ ఉన్నది మా మామ నంబరే. మామ అంటే అమ్మ తమ్ముడు. పుత్తూరులో జిరాక్సు, నెట్ షాపు నడుపుతాడు. మా బంధువుల్లో ఏ ఆడపిల్ల ఏ చదువులో చేరాలన్నా ఆ షాపు బెంచీ మీద కూర్చోవాల్సిందే. ఆడపిల్లల నంబర్లు ఆన్‌లైన్లో పెడితే ఎవరెవరి చేతుల్లోనో పడతాయట. అందుకని అందరికీ ఆయన నంబరే ఇస్తాడు. మా పాస్‌వర్డులన్నీ పొడుగాటి నోటుబుక్కులో రాసిపెట్టుకుంటాడు. మగపిల్లలు ఎవరి నంబరు వాళ్ళే ఇచ్చుకుంటారు. మా ఇంట్లో దీని పేరు జాగ్రత్త.

డిగ్రీకి ఆప్షన్లు పెట్టిన రోజు నేను డైరీలో ఒక పేజీ చింపి, వరసగా రాసుకుని వెళ్ళాను. మొదటిది జియాలజీ. రెండోది కూడా జియాలజీనే, ఇంకో కాలేజీలో. మామ దాన్ని చదివాడు. నాలుగు మడతలు పెట్టి మౌసు కింద వేసుకున్నాడు. నేనున్న వైపుకు మానిటరు వీపు మాత్రమే కనిపించేది. టకటకా ఏదో కొట్టి, "అయిపోయింది మే, బస్సుకు పో" అన్నాడు. సీటు వచ్చాక తెలిసింది, పెట్టిన పది ఆప్షన్లూ కంప్యూటర్సేనని.

అమ్మ పొంగిపోయింది. నాయన మామకు రెండు బుట్టల మామిడికాయలు పంపించాడు. ఆ బుట్టలకు గోనెపట్టా కట్టింది నేనే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద నాకే కోపం వస్తుంది.

జియాలజీ పిచ్చి నాకు తిరుమల ఘాట్ రోడ్డులో పట్టింది. ఇంటర్ చదివేటప్పుడు అమ్మతో కొండకు వెళ్తుంటే మా బస్సు ఒక మలుపులో ఆగిపోయింది. అందరూ దిగి నీడ వెతుక్కున్నారు. నేను రోడ్డు కోసం కొండను కోసిన చోట నిలబడ్డాను. కింద ముతక గ్రానైటు. దాని మీద పలకలు పేర్చినట్టు ఇంకో రకం రాయి. రెండూ కలిసే చోట సన్నటి గీత. తర్వాత లైబ్రరీలో చదివాను: ఆ కింది రాయికీ పై రాయికీ మధ్య కోట్ల ఏళ్ళు గడిచాయని, ఆ కాలం తాలూకు రాయి అక్కడ అసలు లేదని. అన్ని కోట్ల ఏళ్ళు ఏమైపోయాయో తెలుసుకోవడమే ఒక చదువని తెలిసిన రోజు నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ పై రాయే నగరి కొండల్లోనూ ఉంది. వడమాలపేటలో మా ఇంటి మెట్ల మీద నుంచి చూస్తే ఆ కొండలే కనిపిస్తాయి.

ఒక సంవత్సరం తిరుపతికి రోజూ బస్సులో వెళ్ళి కంప్యూటర్లు చదివాను. వరండా చివర జియాలజీ ల్యాబు. ట్రేలలో రాళ్ళు, ఒక్కోదానికి ఒక్కో అంకె. నేను కిటికీ దగ్గర ఆగి చూసేదాన్ని, ఎవరైనా వస్తుంటే నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటించేదాన్ని. పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చాయి. రాకపోయి ఉంటేనే బాగుండేది. "సూసినావా, మామ పెట్టినదే కరెక్టు" అని ప్రతి ఒక్కరూ ఆ మార్కులే నా నెత్తిన కొట్టారు.

ఈ వేసవిలో కొత్త అడ్మిషన్లు మొదలైనప్పుడు ఆఫీసులో అడిగాను. మధ్యలో మారడం కుదరదు, కావాలంటే మొదటి సంవత్సరంలో కొత్తగా చేరాలన్నారు. సరే అనుకుని ఇంటికొచ్చి ఫోనులో దరఖాస్తు తెరిచాను. ఇంటర్ హాల్ టికెట్ నంబరు కొట్టగానే, మీరు ఇదివరకే నమోదయ్యారు, మీ మొబైలుకు ఓటీపీ పంపాం అని వచ్చింది. నా మొబైలు! నా చేతిలో ఉన్నది ఊరికే వెలుగుతూ ఉంది. నిమిషంలో మామ ఫోన్ చేశాడు, నాకు కాదు, అమ్మకు. "పాప పేరు మీద ఏందో ఓటీపీ వచ్చింది అక్కా, ఎవురో మోసగాళ్ళు మాదిరుండారు, జాగ్రత్త."

మర్నాడు పదింటికి పుత్తూరు షాపులో ఉన్నాను. ఆధార్ కాగితాలతో ఒక ముసలాయన, ఫోటోల కోసం ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు.

"ఏం పాపా, ఎండలో పడి వచ్చినావు?" అన్నాడు మామ.

"నిన్న ఓటీపీ కొట్టింది నేనే మామా. మళ్ళీ డిగ్రీకి అప్లై చేస్తా ఉండా. జియాలజీకి."

"ఉండే సీటుకు ఏం రోగం?"

"అది నాకొద్దు."

ముసలాయన అడిగాడు, "అదేం సదువప్పా?"

"రాళ్ళ సదువంట తాతా."

"క్వారీలో పనా? ఆడబిడ్డకా?"

ఆడవాళ్ళు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. మామకు ఊపు వచ్చింది. "రాళ్ళు సూడాలంటే డిగ్రీ దేనికి మే? మీ నాయన మామిడితోపు నిండా రాళ్ళే గదా, పొయ్యి ఏరుకో. కొండలెక్కి కాలు ఇరగ్గొట్టుకున్నా భయం లేదులే, పుత్తూరు కట్టు ఈడనే ఉండాది."

అందరూ నవ్వారు. ఇంతకుముందయితే నేనూ తల వంచుకుని నవ్వి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి బెంచీ మీద కూర్చుని నా ఫోనులో ఓటీపీ బటన్ నొక్కాను. కౌంటరు మీద ఆయన ఫోను టింగుమంది.

"వచ్చిన అంకెలు చదువు మామా."

"మీ నాయన్ను రమ్మను, చదువుతా" అని ఫోను జేబులో వేసుకున్నాడు. ఆ ఓటీపీ కాలం తీరిపోయింది.

నేను కదల్లేదు. మామ ముసలాయనతో మాట్లాడాడు, ఫోటోలు కత్తిరించాడు, ఎవరికో ఫోన్ చేసి మాట్లాడి ఫోను మళ్ళీ కౌంటరు మీద పెట్టాడు. ఆధార్ జిరాక్సు తీయడానికి అటు తిరిగాడు. నేను నొక్కాను. ఫోను వెలిగింది. నా వైపుకు తలకిందులుగా ఆరంకెలు.

చిన్నప్పుడు నాయన పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదివేదాన్ని. పేపరు నా చేతికొచ్చేసరికి అందులో బోండాలు చుట్టి ఉండేవి. ఆ అలవాటు ఇన్నేళ్ళకు అక్కరకొచ్చింది. ఆ అంకెలు కొట్టి దరఖాస్తు లోపలికి వెళ్ళగానే మొదట మొబైలు నంబరు మార్చాను. ఈసారి ఓటీపీ నా చేతిలో మోగింది.

మామ వెనక్కి తిరిగాడు. "ఏం మే, దొంగతనంగా సూస్తివా?"

"నాది నేను చూసుకుంటే దొంగతనమా?" నా గొంతు గట్టిగానే పలికింది. జిరాక్సు మిషను ఆగిపోయి ఉందని అప్పుడే గమనించాను. "పోయినేడు నా కాగితం మడిచి మౌసు కింద పెట్టుకున్నావే, దాన్నేమంటారు మామా?"

మామ నోటుబుక్కు తెరిచాడు, మూశాడు. "నీ మంచికే గదా చేసినా. ఒక్క పైసా తీసుకున్నానా?" అన్నాడు. నిజమే, తీసుకోలేదు. అయినా నా కోపం రెట్టింపయింది.

ఆయన ఎదురుగానే ఒకే ఒక్క ఆప్షన్ పెట్టాను.

"ఒగటేనా? అది రాకపోతే?"

"వచ్చే ఏడు మళ్ళీ పెడతా."

నేను ఇల్లు చేరేలోపే నాయనకు ఫోను వెళ్ళింది. తోటలో కాయలు ఏరి పోస్తున్నవాడు తల ఎత్తకుండానే అన్నాడు, "బంగారం అట్లాంటి ఏడాది పోగొట్టుకున్నావే."

"నేను పోగొట్టలేదు నాయనా. మీరు తీసుకున్నారు."

నాయనతో అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన ఒక కాయ తిప్పి చూసి, మచ్చ ఉన్న కుప్పలో వేశాడు. వారం రోజులు అమ్మ మా ఇద్దరి మధ్యా తిరుగుతూ, "మామ కాళ్ళు పట్టుకోమ్మా, సరిపోతాది" అంటుంటే పళ్ళు కొరుక్కున్నాను.

సీట్లు ఇచ్చిన రోజు బావి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. గట్టు మీద నా ఫోను మోగింది. సబ్బు చేతులతోనే చూశాను. జియాలజీ, తిరుపతి, నా పేరు. రెండుసార్లు చదివాను. మా ఇంట్లో నా సీటు సంగతి నాకంటే ముందు ఎవరికీ తెలియకపోవడం అదే మొదటిసారి.

ఇంతలో మామ ఫోన్ చేశాడు. ఈసారి అమ్మకు కాదు.

"రిజల్టు ఇచ్చినారంటనే? నాకేం మెసేజు రాలేదే పాపా?"

"రాదు మామా," అన్నాను. "పిన్నమ్మ కూతురు ఇంటర్ అయిపోయి రెండో విడతలో ఆప్షన్లు పెట్టేదానికి నీ దగ్గరికి రేపొస్తాది. నేనూ వస్తా ఉండా. ఈసారి మానిటరు ఇటు తిప్పిపెట్టు."