యంత్రానికి పురోహితుడు

ఆ రోజుల్లో మాకు ఏదో ఒక మూఢాచారంతో తగాదా పడితే గాని అన్నం అరిగేది కాదు. అరవైల్లో తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఎక్కడ చర్చాసభ పెట్టినా వెళ్లి, "అర్థం కాని మాటలు వరుస తప్పకుండా వల్లిస్తే పని అవుతుందా?" అని బల్ల గుద్దేవాణ్ణి. అవతలి పక్షాన ఎప్పుడూ బాపట్ల పంతులే లేచేవాడు (అసలు పేరు వాళ్లమ్మ కూడా వాడేది కాదు). డెబ్బైల చివర మా ఇద్దరికీ హైదరాబాదులో ఒకే కంప్యూటర్ గదిలో ఉద్యోగాలొచ్చాయి.

ఆ కంప్యూటరుకు తెర లేదు. టైపు మిషను లాంటి దాని మీద ఆజ్ఞ కొడితే జవాబు టకటకా కాగితం మీద పడేది. ఏ ఊరి నేలకు ఏ వరి వంగడం బాగుందో చెప్పే ప్రోగ్రాం నేనే రాశాను. ఆజ్ఞలో ముందు పని, తర్వాత జిల్లా, ఏటవాలు గీత, ఊరు, కామా, నేల రకం, రెండు చుక్కలు, పంటకాలం. ఒక్కటి అటూ ఇటూ అయినా మిషను 'తప్పు' అనేది (ఏం తప్పో చెప్పకుండా, అదీ ఇంగ్లీషులో). దాన్ని క్రమశిక్షణ అనుకుని మురిసిపోయేవాణ్ణి. పంతులు మాత్రం ఆ వరుసను స్వరంతో సహా కంఠస్థం చేశాడు. ఇక ఎవరికి ఏం కావాలన్నా అతని ముందు చేతులు కట్టుకోవలసిందే.

ఒక జూన్‌లో పంతులు తమ్ముడి పెళ్లికి బాపట్ల వెళ్లాడు. ప్రోగ్రాం కాగితాలు బీరువాలో పెట్టి, తాళంచెవి జంధ్యానికి కట్టుకుని మరీ పోయాడు. ఆ మధ్యాహ్నమే విత్తనాల ఆఫీసు నుంచి రేపల్లె అక్కయ్య వచ్చింది (అక్కడి లూథరన్ బడి టీచరు గారమ్మాయి, మా అందరికీ అక్కయ్యే).

"తమ్ముడూ, మా ఊరి ఉప్పు నేలకి ఏ విత్తనం పంపాలో చెప్పు. సాయంత్రం లారీ పోద్ది. ఇది తప్పితే నారుమడి అదను దాటిపోద్ది."

ఠీవిగా కూర్చుని కొట్టాను. తప్పు. కామా మార్చాను. తప్పు. చెమట తుడుచుకుని గీత మార్చాను. అదీ తప్పే.

"రాసింది నువ్వేగా?"

"నేనేనక్కయ్యా. రోజూ కొట్టేది మాత్రం పంతులే."

"మరి మంత్రం మర్చిపోయావేంటి?"

గతిలేక పెళ్లివారింటి పక్క రైసు మిల్లుకు ట్రంక్ కాల్ చేశాను. సన్నాయి మోతలోంచి పంతులు గొంతు వినిపించింది.

"ఏరా నాస్తికుడా! అర్థం కాని మాటలు వల్లిస్తే పని అవుతుందా?"

"చెప్పరా బాబూ, లారీ పోతుంది."

"అవుతుందని ఒప్పుకో ముందు."

అక్కయ్య నా ముఖంలోకే చూస్తోంది.

"ఈ ఒక్క మిషనుకి అవుతుంది!" అన్నాను పళ్లు నూరుతూ.

"అట్లా రా దారికి. కొట్టు."

అతను స్వరం పెట్టి చెబుతుంటే నేను శిష్యుడిలా వెంట వల్లిస్తూ కొట్టాను. వంగడం పేరు పడింది. అక్కయ్య కాగితం చింపుకుని పరుగెత్తి లారీ అందుకుంది.

పురోహితుడే అక్కర్లేదన్నవాణ్ణి, నేనే ఒకణ్ణి తయారు చేశానన్నమాట! పంతులు తిరిగొచ్చి బీరువా తీయగానే ప్రోగ్రాం మార్చాను. మాటలు ఏ వరుసలో వచ్చినా ఇది ఊరు, ఇది నేల అని మిషనే పోల్చుకుంటుంది. గీతలూ చుక్కలూ అక్కర్లేదు. ఏదైనా తక్కువైతే 'ఏ ఊరు?' అని మర్యాదగా అడుగుతుంది. అక్కయ్య తనే కూర్చుని కొట్టి చూసి, "మనిషితో మాట్లాడినట్టుందయ్యా," అంది. "నా పౌరోహిత్యం ఊడగొట్టావు గదరా," అని పంతులు మూతి ముడిచాడు.

తర్వాత కూడా అతను పాత ఆజ్ఞనే పూర్తిగా, పెదవులు కదుపుతూ కొట్టేవాడు. "ఎందుకురా ఆ శ్రమ?" అంటే, "అంత తేలిగ్గా అడిగితే జవాబు మీద నమ్మకం కుదరట్లేదురా," అన్నాడు.

నిజానికి ఆ పాత వరుసను తీసేస్తే ప్రోగ్రాం ఇంకా సులువయ్యేది. తీయలేదు. సభల్లో నిప్పులు చెరిగిన నాలోని ఆ కుర్రాడు, పక్క కుర్చీలోంచి వినపడే ఆ గొణుగుడుకు మాత్రం ముసిముసిగా నవ్వుకుంటూ ఊరుకున్నాడు. వాడి ఉపన్యాసాలన్నిటికన్నా ఆ ఊరుకోవడమే ఇప్పుడు నాకు ఎక్కువ నచ్చుతుంది.