చెన్నబసప్ప, కారు కింద

మా జహీరాబాద్ ఓటర్ల జాబితాలో చెన్నబసప్ప చిరునామా ‘కారు కింద’ అని ఉంటుంది. సరే, అంత లేదు, ఇంటి నంబరే ఉంటుంది. కానీ పోస్ట్‌మ్యాన్ అతని ఉత్తరాలు ఇంట్లో ఇవ్వడం మానేసి చాలాకాలమైంది. కారు కింద నుంచి బయటికి చాచి ఉన్న రెండు పాదాల మధ్య పెట్టి వెళ్తాడు. కాన్వెంటులో సిస్టర్లు నాకు అబద్ధమాడొద్దని నేర్పారు గానీ, కాస్త సాగదీయొద్దని ఎవరూ చెప్పలేదు.

చెన్నబసప్ప అల్లం వ్యాపారి. అతని కారు టాపు తెరుచుకునే పాతకాలపు కారు. బీదర్‌లో ఒక నవాబు వారసుల దగ్గర కొన్నానని అతనంటాడు. పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికిందని అతని భార్య శరణమ్మ అంటుంది. టాపు తెరవడానికి ఒక్క మీట నొక్కితే చాలు. మూయడానికి మాత్రం వీధంతా రావాలి. గుడ్డ చిరిగిన చోటల్లా అల్లం బస్తాల గోనె వేసి కుట్టాడు. వానాకాలంలో ఆ కారెక్కితే జలుబుకు వేరే మందక్కర్లేదు.

పాత కారు చెడిపోవడంలో వింత లేదు. బాగా నడిస్తే చెన్నబసప్పకు దిగులు పట్టుకోవడమే వింత. ఒకసారి ఇద్దరం రాయికోడ్ వెళ్తున్నాం. బండి హాయిగా సాగిపోతోంది. ఉన్నట్టుండి పక్కకు తీసి ఆపాడు.

“ఏమైంది?” అన్నాను.

“సప్పుడొస్తలేదు, మదనూ.”

“రాకపోతే మంచిదే కదా!”

“గదే నా ఫికరు. లోపల ఏదో దాసుకుంటున్నది.”

బానెట్ ఎత్తాడు. ఒకటి బిగించాడు, ఇంకొకటి వదులు చేశాడు. శరణమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల మూట తాడు విప్పి ఏదో గొట్టానికి చుట్టాడు. మళ్ళీ బయలుదేరగానే లోపల ఎవరో కంకర ఆడిస్తున్నట్టు చప్పుడు. చెన్నబసప్ప మొహం విప్పారింది.

“ఇగో, ఇప్పుడు దారికొచ్చింది!”

బస్టాండు దగ్గరి మెకానిక్ వినయ్ ఎన్నోసార్లు బతిమాలాడు. “పెదనాయనా, ఒక్క దినం నాకిడిసిపెట్టు. కొత్తదాని లెక్క చేసిస్త.”

“కొత్తదైతే మరి నేనేం జెయ్యాలె బిడ్డా?” అన్నాడు చెన్నబసప్ప. వినయ్ దగ్గర దానికి స్పానర్ లేదు.

ఇంత జరుగుతున్నా ఊళ్ళో పెళ్ళికొడుకులకు ఆ కారే కావాలి. టాపు లేని బండిలో వస్తే ఫొటోలు బాగుంటాయట. మొన్న వేసవిలో మొగుడంపల్లి సంగయ్య కూతురు ప్రణీత పెళ్ళికీ అదే బండి. సంగయ్య అల్లం రైతు, పంటంతా చెన్నబసప్పకే అమ్ముతాడు. పెళ్ళి ముందురోజు సాయంత్రం ఫంక్షన్ హాల్లో ఎదుర్కోళ్ళు, ఆ వెంటనే విందు. వెనక సీట్లో పెళ్ళికొడుకు రితేష్, అతని నాయనమ్మ ఇందిరమ్మ. ముందు చెన్నబసప్ప, పక్కన నేను. బ్యాండు ముందు గడియారం చూసుకుంటూ నడిచేది పెళ్ళికొడుకు మేనమామ మహిధర్. చాయ్ చల్లారిందని ఒక మంచి సంబంధాన్నే వదులుకున్న మనిషి.

“మనం పోయేసరికి భోజనాలు తయారుండాలె. లేకుంటే గట్లనే మర్లిపోతం,” అని పొద్దున్నుంచి అందరికీ వినిపిస్తూనే ఉన్నాడు.

ఆరోజు బండి చప్పుడే చేయడం లేదు. పెళ్ళి బండి కదా అనేమో, చెన్నబసప్ప కంగారు పడలేదు. అది చూసి నాకు కంగారు పుట్టింది. హైవే దాటగానే అతనికి ఫోన్ వచ్చింది. “ఊ... అయ్యో శివనే... ఊ,” అన్నాడు. ఆ చివరి ‘ఊ’ దగ్గర బండి ఆగిపోయింది.

“జర ఆగున్రి, ఐదు నిమిషాలే!” అంటూ కారు కింద దూరాడు.

మహిధర్ ఊగిపోయాడు. “దిగు రితేష్! నడుసుకుంటనే పోదాం!”

“దిగితే కాళ్ళిరగ్గొడ్త!” అంది ఇందిరమ్మ. “ఎదుర్కోళ్ళ బండెక్కిన పిలగాడు నడుమ దిగుతడా? మన ఇండ్లల్ల ఉన్నదా గిసొంటిది?”

ఇంక చేసేదేముంది? బ్యాండువాళ్ళు తమకొచ్చిన పాటలన్నీ వాయించి మొదటి పాటకు తిరిగొచ్చారు. ఇందిరమ్మ సీట్లో కూర్చునే చేతులతో డాన్స్ చేసింది. కారు కింద నుంచి ఆజ్ఞలు మొదలయ్యాయి.

“మహిధర్ సాబ్, జర గా పైపు పట్టుకోన్రి! గట్టిగ! ఇడిసిపెడితే మళ్ళ మొదటికొస్తది!”

మహిధర్ పట్టు లాల్చీ చేతులు మడిచి, రెండు చేతులా పైపు పట్టుకొని నిలబడ్డాడు. ఆ పైపు అద్దం మీద నీళ్ళు చల్లేది. దానికీ బండి నడవడానికీ ఏ సంబంధమూ లేదని నాకు కూడా తెలుసు.

నేను వంగి చూశాను. చెన్నబసప్ప వెల్లకిలా పడుకుని, పొట్ట మీద స్పానర్ పెట్టుకుని, ఫోన్లో గుసగుసలాడుతున్నాడు.

“బర్రె వంటలన్ని బోర్లేస్తే బోర్లేసింది, సంగయ్యా. ఏడ్వకు. పొయ్యిలు మళ్ళ ముట్టిచ్చిన్రా? ... కూర ఎంతదాంక వచ్చింది? ... నువ్వు నిమ్మళంగ కానీ. ఈడ నేనున్న.”

నన్ను చూడగానే స్పానర్ తీసి గాలిలో తిప్పడం మొదలుపెట్టాడు.

ఆ ఐదు నిమిషాలు చాలాసేపు సాగాయి. చివరికి ఫోన్ మళ్ళీ మోగింది. చెన్నబసప్ప బయటికొచ్చి తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే బండి లేచింది, దాని జన్మలో మొదటిసారి.

హాలు గుమ్మంలో సంగయ్య నిలబడి ఉన్నాడు. కళ్ళు పొగకు ఎర్రబడి ఉన్నాయి. అతను నోరు తెరిచేలోగా, ముక్కు మీద గ్రీజుతో మహిధర్ గబగబా వెళ్ళి చేతులు పట్టుకున్నాడు.

“మా దిక్కు నుంచే లేటయింది బావా, మాఫ్ చెయ్యున్రి. వంటలన్ని సల్లారిపోయినయా?”

సంగయ్య ఒక్క క్షణం చెన్నబసప్ప వైపు చూశాడు. “లేదు బావా,” అన్నాడు. “వేడివేడిగనే ఉన్నయి.”

ఇదంతా రాసి నిన్న చెన్నబసప్పకు చదివి వినిపించాను. అంటే, అతని పాదాలకు.

“అంత అబద్ధం,” అన్నాయి పాదాలు. “నా బండి నిజంగనే చెడిపోయింది. బర్రె ఎవలదో నాకెర్క లేదు. నేనెవ్వలతోని మాట్లాడలే.”

“ఫోన్లో మాట్లాడుతుంటే నా కళ్ళతో చూశాను కదా!”

“నాకు ఫోనే లేదు.”

కారు కింద ఫోన్ మోగింది.

“ఫ్యాన్ బెల్టు,” అన్నాడు చెన్నబసప్ప.