చీకట్లో కూర్చున్న కాంట్రాక్టరు

మొన్న మా అన్న మనవడు, గ్యాసు గొట్టాల పనిలో ఉన్నవాడు, వెల్డింగు అతుకు లోపల ఎలా ఉందో అప్పటికప్పుడు తెర మీద చూపించే ఎక్స్‌రే యంత్రాన్ని ఫోనులో చూపించి మురిసిపోతుంటే, నాకు మాత్రం ఆ కాంట్రాక్టరు మొహం గుర్తొచ్చి ఈ వయసులోనూ ఒళ్లు మండింది.

నేను హనుమకొండ మిషన్ దవాఖానలో ఎక్స్‌రే గది చూసుకునే రోజులవి. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సుబేదారి వైపు మంచినీళ్లకు ఇనుప గొట్టాలు వేస్తుండేవారు, మా అన్న అక్కడ వెల్డరు. రెండు గొట్టాల నడుమ సందు ఎక్కువైతే ఓపికగా కరిగించి నింపాలి. అంత ఖర్చెందుకని, సందులో ఇనుప కడ్డీ దూర్చి పైపైన అతికెయ్యమన్నాడు కాంట్రాక్టరు. అన్న ససేమిరా అన్నాడు. వీడికి పనే రాదని నలుగురిలో తిట్టి వెళ్లగొట్టడంతో ఆగలేదు ఆ మనిషి, డోర్నకల్ దాకా అన్న ఎక్కడ పని అడిగినా ఆ మాట ముందే చేరేలా చేశాడు. అన్న ఆదివారం ప్రార్థనకు రావడం కూడా మానేశాడు. శత్రువులను ప్రేమించమనే వాక్యం చదువుతుంటే నేను తల తిప్పుకునేదాన్ని.

అన్నను తీసేశాక కొత్తవాడు వేసిన అతుకు, నీళ్లు వదలగానే పగిలింది. ఇనుమే నాసిరకమని కాంట్రాక్టరు వాదన. పని తనిఖీ చేసే సర్కారు ఇంజనీరు ఆ ముక్క కోయించి, ఊళ్లో వేరే ఎక్స్‌రే యంత్రం లేక, కాంట్రాక్టరును వెంటబెట్టుకుని మా దవాఖానకే వచ్చాడు. నేనెవరినో వాళ్లకు తెలియదు.

అప్పటి ఎక్స్‌రే తెర వెలుగు ఎంతో మసక, కళ్లు చీకటికి అలవాటు పడితే తప్ప ఏమీ కనిపించేది కాదు. తలుపు మూసి, దీపం ఆర్పి ఇద్దరినీ కూర్చోబెట్టాను.

"ఇంకెంతసేపమ్మా, జర జల్ది కానియ్యి" అన్నాడు కాంట్రాక్టరు.

"కండ్లు కుదురుకోవాలె సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాను.

నా కళ్లు ఎప్పుడో కుదురుకున్నాయి. అయినా స్విచ్చు వేయకుండా, అతని ఊపిరి బరువెక్కుతుంటే వింటూ నిలబడ్డాను. పాపం అనిపించలేదు సరికదా, కడుపు చల్లబడింది.

స్విచ్చు వేయగానే అతుకు నడుమ కడ్డీ, దానికి ఇరుపక్కలా పూడని సందులు వెలుగు గీతలై కనిపించాయి. ఇంజనీరు తెర దగ్గరికి వంగి చూశాడు.

"గిట్ల కడ్డీ పెట్టనన్నోడు మా అన్ననే సార్" అన్నాను.

కాంట్రాక్టు రద్దయింది, అన్నను పిలిపించి అతుకులన్నీ మళ్లీ వేయించారు. ఏళ్ల తర్వాత ఆ మనిషి చౌరస్తాలో ఎదురై నమస్కారం పెడితే నేను పెట్టలేదు, ఇప్పుడైనా పెట్టను.

మనవడి యంత్రానికి చీకటి అక్కర్లేదట, పట్టపగలే అన్నీ కనిపిస్తాయట. మంచిదే. కానీ తప్పు చేసినవాడు, అది బయటపడేదాకా దాని పక్కనే ఊపిరి బిగబట్టి కూర్చోవలసిన ఆ కాసేపు కూడా పోయింది కదా అని, నా మనసు చివుక్కుమంటుంది.