పద్మ మేడమ్ గొంతు

సర్వర్ గదిలో ఏసీ గాలి మెడ వెనక చల్లగా తగిలితే, ఎవరో నిలబడి నా తెరకేసి చూస్తున్నట్టే ఉంటుంది. నాకు పని నేర్పిన పద్మ మేడమ్ అలాగే నిలబడేవారు. ఆమెది మా ఆఫీసు పక్కనే ఉన్న నానక్‌రామ్‌గూడ పాత ఊరు. ఆఫీసు అద్దాల్లోంచి వాళ్ళ డాబా కనిపించేది. నేను రాజమండ్రి నుంచి వచ్చి చేరిన కొత్తలో ఒక సర్వర్ నిండిపోతే, అన్నిటికన్నా పెద్ద ఫైల్ తీసేశాను. అయినా పిసరంత చోటు కూడా ఖాళీ కాలేదు. నాకు చెమటలు పట్టాయి.

"ఏంది, గంత పరేషాన్ అయితున్నవ్?" అన్నారు వెనక నుంచి.

"ఫైల్ తీసేశానండి. పేరు కూడా కనిపించడం లేదు. చోటు మాత్రం రాలేదు."

"నువ్వు పేరే కొట్టేసినవ్. దాన్ని తెరిచిన ప్రోగ్రామ్ ఇంక నడుస్తుంది గద. అది వదిలేదాంక ఫైల్ యాడికీ పోదు."

అలాంటి ప్రోగ్రామ్‌ను ఎలా వెతకాలో చూపించారు. దాన్ని ఆపగానే చోటు ఖాళీ అయింది.

సర్వర్లు నిండుతుంటే హెచ్చరించడానికి ఆమె ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, అందులో తన గొంతే రికార్డు చేసి పెట్టారు. "జర చూడుండ్రి, జాగ నిండుతుంది" అని మా గది స్పీకర్ పలికితే నవ్వుకునేవాళ్ళం.

ఆ వానాకాలం డెంగ్యూతో దవాఖానలో చేరిన మేడమ్ తిరిగి రాలేదు. పరామర్శకు వెళ్తే వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఫొటోలున్నయ్ సారూ. బిడ్డ గొంతే యాడా లేదు." పరుగున ఆఫీసుకొచ్చి చూశాను. నిబంధన ప్రకారం ఆమె ఖాతాతో పాటు ఫైళ్ళన్నీ అప్పటికే తొలగించేశారు.

కొన్నాళ్ళకు, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, స్పీకర్ పలికింది. "జర చూడుండ్రి..."

కీబోర్డులన్నీ ఆగిపోయాయి. "ఆ ఫైల్ లేదన్నారు కదండీ?" అంది పక్క సీట్లోని సునీత.

ఆ పేరుతో ఫైల్ ఎక్కడా లేదు. కానీ నడుస్తున్న ప్రోగ్రాములు వెతికితే ఆమెది దొరికింది. దాన్ని ఎవరూ ఆపలేదు. అది తెరిచి పట్టుకున్న గొంతు ఫైల్ పక్కన "తొలగించబడింది" అని ఉంది. అది నడుస్తున్న పాత సర్వర్‌ను ఆ సాయంత్రమే శాశ్వతంగా ఆపేస్తున్నారు. ప్రోగ్రామ్ ఆగితే గొంతు ఇక లేదు. అది పట్టుకుని ఉండగానే కొత్త ఫైల్‌లోకి కాపీ మొదలుపెట్టాను. మధ్యలో స్పీకర్ మళ్ళీ పలికింది. ఈసారి నా వెనక నుంచే పలికినట్టుంది. నేను తిరిగి చూడలేదు.

మర్నాడు వాళ్ళమ్మ ఆ గొంతు ఎక్కించిన నా ఫోన్‌ను చెవికి ఆనించుకుంది. "జర చూడుండ్రి" అన్న మాట వినగానే, "చూస్తున్న బిడ్డా" అంది మెల్లగా. ఆమె చూపు నా మీద లేదు, నా భుజం దాటి గుమ్మం మీద ఉంది. కాసేపటికి "మళ్ల పెట్టు సారూ" అంది.

ఇప్పటికీ ఏ ఫైల్ తీసేయాలన్నా, దాన్ని ఎవరైనా పట్టుకుని ఉన్నారేమో ముందు చూస్తాను. ఎవరూ లేరని తెర చెప్పాక కూడా నా వేలు కాసేపు మీటను నొక్కదు.