శుక్రవారం ఖాళీ

మా మేనత్త మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఆమె మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించేది. రక్త క్యాన్సర్‌కు రోజూ మాత్ర వేసుకుని, గుమ్మం పక్కన వేలాడే పగిలిన పలక మీద ఒక గీత గీసేది. వారానికొక వరుస.

మందు నిదానంగా పనిచేస్తోంది, మోతాదు పెంచాలో మందే మార్చాలో చూద్దామన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే పలక చూశాను. ప్రతి వరుసలోనూ శుక్రవారం ఖాళీ.

"ఇదేంది అత్తా?"

"అన్నం తిన్నాకనే ఏసుకోమన్నారు గదా పాపా. శుక్రవారం ఉపవాస ప్రార్థన. మాత్ర ఎట్ల ఏసుకునేది?"

"దేనికా ప్రార్థన?" అని అరిచాను.

"మందు బాగా పనిచెయ్యాలని."

పలక పీకి నేలకేసి కొట్టాను. నెలనెలా ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. ఆ పలక కిందే చెప్పులు విడిచేదాన్ని, ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.