కాయితాల్లేని వడ్రంగి

బహ్రెయిన్‌లో మా వంటింటి అలమరాలు చెమ్మకు ఉబ్బిపోతే, మామీర్ ప్రాంతం నుంచి ఒక వడ్రంగి వచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి. ఒక్కో తలుపునూ మెల్లగా మూసి, కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. కొలతలన్నీ తీసుకున్నాక అలసటగా నేలమీద కూర్చున్నాడు.

"మంచిగ చేస్త సార్. గని వీసా ఇచ్చిన కఫీల్‌ను ఇడిసొచ్చిన, నాకు కాయితాల్లేవు. చెకింగొస్తె మీక్కూడ తిప్పలే. లైసెన్సున్న కంపెనోళ్లనే పిలుసుకోండ్రి."

"మరి నీకు పని?" అన్నాను.

"యాడనో ఒకకాడ దొరుకుతది" అని టీ తాగి వెళ్లిపోయాడు.

మేం కంపెనీవాళ్లనే పిలిచాం. తలుపులు బాగానే బిగించారు. నెల తిరక్కుండానే, సీఫ్‌లో ఎవరింట్లోనో పని చేస్తుండగా అతన్ని పట్టుకుని ఊరికి పంపేశారని తెలిసింది.

"మనింట్లో కాదు, నయం" అన్నాను మా ఆవిడతో.

మా మంచి కోరి పని వదులుకున్న మనిషి గురించి నా నోట మొదట వచ్చిన మాట అదే.