పిన్ని పొద్దుటి చూపు

మా పిన్ని ఇరవై ఆరేళ్లుగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతోంది. మనిషి పొట్టి, పట్టింపు పొడుగు. చుక్క తేడా వచ్చినా ఊరుకోదు కనుక ప్రెస్సులో ఆమెను అరసున్న అంటారు. చాటున కాదు, ఎదుటే. దిద్దిన ప్రతి పేజీ మూలన సంతకం చేసి, పక్కనే టైము వేయడం ఆమె అలవాటు.

అలాంటి అరసున్న చేతిమీదుగా ఒక కవిగారి పుస్తకంలో ‘కన్నీటి ధార’ కాస్తా ‘కన్నీటి దార’ అయి అచ్చయింది. ధకారం కింది చిన్న గీత ఎగిరిపోయింది. ధార అంటే ప్రవాహం. దార అంటే పెళ్లాం.

కవిగారు పుస్తకం పట్టుకుని ప్రెస్సుకొచ్చారు.

“ఏమ్మా, నా కన్నీటికి పెళ్లి చేసేశారే! నాకొక్క మాటైనా చెప్పలేదు!”

అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. ఆ నెలలో అది నాలుగో తప్పు. కవిగారు వెళ్లాక యజమాని, “నెలాఖరు దాకా చూద్దామమ్మా. ఆ తర్వాత మీరు విశ్రాంతి తీసుకోండి” అన్నాడు. ఆ మాటకు అర్థం కోసం నిఘంటువు తిప్పనక్కర్లేదు. బాబాయి పోయాక పిన్ని మళ్లీ నలుగురితో మాట్లాడటం మొదలుపెట్టింది ఆ కుర్చీలో కూర్చునే.

కంపోజింగ్ చేసే అమ్మాయి ఊరుకోలేదు. పాత ప్రూఫుల కట్ట విప్పి, తప్పులు జారిపోయిన పేజీలు వేరు చేసింది.

“అక్కా, ఇటు చూడండి. అన్నీ పదకొండు లోపు దిద్దినవే. మధ్యాహ్నం పేజీల్లో ఒక్కటీ లేదు. మీ కళ్లు డ్యూటీకి లేటుగా వస్తున్నాయి!”

అప్పుడు ఒప్పుకుంది పిన్ని. పొద్దున లేస్తే అంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉంటుందట. మధ్యాహ్నానికి తేటపడుతుందట. నిద్రమత్తనుకుని రోజూ రెండుసార్లు మొహం కడుక్కునేదట.

కంటి డాక్టరమ్మ చాలాసేపు పరీక్షించి, కాగితం మీద ఐదు గీతలు గీసింది.

“కంటి ముందు అద్దంలాంటిది ఉంటుందే, కార్నియా, అది ఒక్క పొర కాదమ్మా, ఐదు. వంశంలో వచ్చే జబ్బులు కొన్ని పైపొరను పడతాయి. అవి ఉన్నవాళ్లకు లేవగానే కన్ను గీరుకుపోయినట్టు నొప్పి. కొన్ని మధ్యలో ఉన్న మందపాటి పొరలో తెల్లటి రవ్వల్లా పేరుకుంటాయి. మీది అన్నిటికన్నా లోపలి పొర. అక్కడి కణాలు నీటిని బయటికి తోడుతుంటాయి. మీకవి తగ్గిపోయాయి. రాత్రంతా కళ్లు మూసుకుంటే నీరు నిలిచి మసక. పగలు తెరిచి ఉంటాయి కనుక ఆరుతుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?”

పిన్ని పక్కనే ఉన్న మా అమ్మకేసి తిరిగింది. అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకేసారి వాళ్లమ్మ గుర్తొచ్చింది. మా అమ్మమ్మకు పొగరుబోతని పేరు. పొద్దున వీధిలో ఎవరెదురైనా చూడనట్టే పోయేది, సాయంత్రం ఆ మనిషినే కూర్చోబెట్టి కబుర్లు చెప్పేది. “పొద్దున అత్తగారు, సాయంత్రం అమ్మగారు” అని ఇరుగుపొరుగు వేళాకోళమాడేవారు. కూతుళ్లూ అదే నమ్మారు.

“పొగరు కాదక్కా,” అంది పిన్ని, ఆసుపత్రి మెట్లు దిగుతూ. “అమ్మకు మనం కనపడలేదంతే.”

సంగతి విని యజమాని, ఆ పొర మార్చే ఆపరేషన్ అయ్యేదాకా మధ్యాహ్నాలే రమ్మన్నాడు. చనిపోయిన ఒకరి కంటినుంచి తీసిన ఆ లోపలి పొరను, ఉల్లిపొరకన్నా పలచనిదాన్ని, పిన్ని కుడికంట్లో పెట్టారు. అది అతుక్కోవడానికి కంట్లో గాలిబుడగ వదిలి, వెల్లకిలా పడుకోమన్నారు. రెండు రోజులూ సీలింగు తప్ప చదవడానికేమీ లేదు.

“అచ్చుతప్పుల్లేవు గానీ, విషయం లేదు” అంది.

ఆరు వారాల తర్వాత పొద్దున తొమ్మిదింటికే కూర్చుని పదహారు పేజీలు దిద్దింది. యజమాని వాటిని స్వయంగా మళ్లీ చదివి, ఏమీ దొరక్క, “రెండో కన్నూ చేయించుకుని రండమ్మా. మీ కుర్చీ ఎక్కడికీ పోదు” అన్నాడు.

కన్ను ఇచ్చినవాళ్ల పేరు ఆసుపత్రిలో చెప్పరు. ఉత్తరం రాస్తే వాళ్లింటివాళ్లకు చేరవేస్తామన్నారు. పిన్ని రాసి, తన రాత తాను దిద్దుకోకూడదని నా చేతికిచ్చింది. ‘మీకు నా కృతజ్ఞతలు’ అని రాసి కొట్టేసి ఉంది. వట్రుసుడీ, ఒత్తూ సరిగ్గానే ఉన్నాయి.

“ఇందులో తప్పేముంది పిన్నీ?”

“తప్పు లేదే. మీటింగు చివర అందరూ చెప్పే మాట అది.”

దాని కింద ఇలా ఉంది: ‘అయ్యా, అమ్మా, మీ ఇంటి మనిషెవరో నాకు తెలియదు. ఇప్పుడు నేను పొద్దున లేవగానే మా కిటికీ చువ్వలు విడివిడిగా కనపడుతున్నాయి. ఏడున్నాయి. మీకు చెప్పాలనిపించింది.’